చిన్నమ్మ, కప్ప మందు

నా జోకుల్ని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మిన ఒక్కసారీ చిన్నమ్మ కీమో మానేసింది.

బెంగళూరులో ఒక ల్యాబులో పనిచేస్తాను. గొప్పగా చెప్పాలంటే క్యాన్సర్ పరిశోధన. ఉన్నది చెప్పాలంటే, ప్లాస్టిక్ పళ్ళెంలోని గుంటల్లో ఆవగింజ కన్నా చిన్న కణితి ఉండల్ని పెంచి, రోజూ కొలవడం. కప్ప చర్మంలో దొరికే పెప్టైడ్‌ని, అంటే చిన్న ప్రొటీన్ ముక్కని, ఎర్రటి కీమో మందుతో కలిపి వాటి మీద వేసేవాళ్ళం.

"ఎన్ని కప్పల్ని చంపినావప్పా?" అని చిన్నమ్మ అడిగింది. ఒక్కదాన్నీ చంపలేదు. అది యంత్రంలో తయారై, ఐసు పెట్టెలో తెల్లపొడిగా వస్తుంది. ఈ సంగతి కప్పకే తెలియదు.

చిన్నమ్మ బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు చొక్కాల కాలర్లు కుట్టింది. రొమ్ము క్యాన్సర్. మా గుంటల్లో వేసే ఎర్రమందే ఆమెకీ ఎక్కించేవాళ్ళు. మూడోసారి తర్వాత వాంతులతో వాడిపోయి ఉంటే, నవ్విద్దామని అన్నాను: "ఇంకొన్నాళ్ళాగు చిన్నమ్మా, అంతా మా కప్ప చూసుకుంటుంది."

నవ్వింది. నాలుగోసారి ఆసుపత్రికి పోలేదు.

బాబాయి ఫోన్ చేశాడు. "మీ చిన్నమ్మ కప్ప కోసం కాచుకోనుండాది. ఏం జెప్పినావురా?"

ఆ వారమే ల్యాబులో ఉండల్ని చూశాను. ఆ ఎర్రమందుకి ఒక గుణముంది, చీకటిగదిలో సరైన కాంతి వేస్తే తానే వెలుగుతుంది. మందు ఒక్కటే వేసిన ఉండలో ఎరుపు అంచుల్లోనే ఆగిపోయింది. పెప్టైడ్ కలిపిన ఉండలో నడిమధ్య దాకా నిప్పుకణికలా వెలుగుతోంది. ఆ ఉండ పెద్దగా పెరగనూలేదు. అలా చూస్తూ ఉండిపోయాను. నోట జోకు రాకపోయేసరికి పక్కనున్న సీనియర్ అక్క "జ్వరమా?" అంది.

ఆ ఉండలకీ, ఉత్త పెప్టైడ్ వేసిన ఇంకో ఉండకీ ఫొటోలు తీసి, పట్టుకుని బొమ్మనహళ్ళి వెళ్ళాను.

"చిన్నమ్మా, ఇది ఉత్త కప్ప మందు వేసింది. చూడు, ఉండ హాయిగా పెరిగింది."

"అంటే కప్ప ఏమీ చెయ్యలేదా?"

"ఎర్రమందు లోపలికి పోవడానికి దారిచ్చింది. పని చేసింది ఎర్రమందే. అదీ పళ్ళెంలో. మనుషుల దాకా ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలీదు."

కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది. "కప్ప సూది మాదిరి. మందు దారం. ఉత్త సూది ఎంతసేపు గుచ్చినా కుట్టు పడదు గదా."

మా ప్రొఫెసరు ఈ ముక్క చెప్పడానికి నలభై స్లైడ్లు వాడతాడు.

"నాకు సూది లేదు, దారం ఉండాది. దాంతోనే కానిద్దాం," అని బాబాయి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆసుపత్రికి ఫోన్ చెయ్యి." మళ్ళీ నాతో, "నీ జోకులు సాకప్పా, ఇంక చాలు."

ఆ సోమవారం తోడు వెళ్ళాను. ఎర్రమందు గొట్టంలో చుక్కచుక్కగా దిగుతోంది. చీకట్లో అదెలా వెలుగుతుందో ఆ వార్డులో నాకొక్కడికే తెలుసేమో. నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాను.

"ఏమప్పా, జ్వరమా?" అంది చిన్నమ్మ.