మోగని ఫోను

మా అమ్మాయి నోయిడాలో కొత్త ఉద్యోగంలో చేరి అయిదు నెలలైంది. నేనూ తనతో అక్కడే ఉంటున్నాను. ఉంచుకునేదీ పంపించేసేదీ ఆరో నెలలో, అంటే ఈ నెలలోనే, తేలుస్తారు. ఆ రోజు నాలుగింటికి తను రాసిన ప్రోగ్రాంని ఇంటి నుంచే వాళ్ల పెద్దసారుకి చూపించాలి. పొద్దుటి నుంచి టీ తప్ప ఏమీ ముట్టలేదు.

అపార్ట్‌మెంట్ల వాళ్లకి నోటీసులు పంపే ప్రోగ్రాం అది. నీళ్లు రావు, లిఫ్ట్ పనిచేయదు, అలాంటివి. కొందరికి మెసేజ్, కొందరికి మెయిల్, చదవడం రానివాళ్లకి ఫోన్ చేసి వినిపించడం. ఆ మూడోది నన్ను తలుచుకునే పెట్టింది. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక.

"అమ్మా, నీ నంబరు పెట్టాను. ఇప్పుడు మోగుతుంది చూడు."

ఫోను ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. మోగలేదు.

"రాలేదే."

"వచ్చింది. ఇక్కడ పంపేశాం అని పడింది."

"నీకు పడిందేమో. నాకు మోగలేదు."

"సైలెంట్‌లో పెట్టుంటావ్."

"పొద్దుటి నుంచి మీ పిన్ని మూడుసార్లు చేసింది. మూడుసార్లూ మోగింది. కావాలంటే దాన్నే అడుగు."

నవ్వుతూనే వెతికింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ప్రోగ్రాంలో పైన తల్లి క్లాస్ అని ఒకటి, దాని కింద పిల్ల క్లాసులు ఉంటాయట. తల్లిలో 'పంపు' అని పని పేరు మాత్రం రాసి, లోపల ఖాళీగా వదిలేసింది. ఎలా పంపాలో మెసేజ్, మెయిల్, ఫోను, ఈ ముగ్గురు పిల్లలూ ఎవరికి వాళ్లు రాసుకోవాలి. రెండింటికి రాసింది, ఫోనుకి మరిచిపోయింది.

"మరి రాయలేదని అది అరవదా?"

"అరవదు. తల్లిలో ఉన్న ఖాళీదాన్నే వాడేసి, పనైపోయిందనుకుంటుంది."

మా వయోజన విద్య క్లాసూ మొదట్లో అలాగే నడిచింది. ఖాళీ పలకతో కూర్చున్నా హాజరు పడేది. తర్వాత వచ్చిన టీచరమ్మ గుమ్మంలో నిలబడి, పలక మీద పేరు రాసి చూపిస్తేనే చాప మీదికి రానిచ్చేది. నేను మూడు రోజులు వరండాలోనే ఉన్నాను. నాలుగో రోజు రాశాను. ఆ మాటే చెప్పాను.

"మా దగ్గరా అలాంటి గుర్తుందమ్మా! ఆ పని మీద ఆబ్‌స్ట్రాక్ట్ అని పెడితే, అది రాసుకోని క్లాస్‌ని అసలు మొదలవనివ్వదు."

ఒక్క లైను చేర్చి నడిపింది. తెరంతా ఎర్రక్షరాలు.

"ఉన్నదీ పాడుచేశావా?"

"కాదు, ఇప్పుడే బాగైంది."

తర్వాత ఫోనుకి రాయాల్సింది రాసింది. ఈసారి మోగింది. రేపు పదింటి నుంచి నీళ్లు రావని ఎవరో హిందీలో చెప్పారు. "అచ్ఛా జీ" అన్నాను. "అది మిషనమ్మా" అంటూ మా అమ్మాయి పడీ పడీ నవ్వింది.

నాలుగింటికి నేను వంటింట్లో దొండకాయలు తరుగుతూ చెవులు అటే వేశాను. తను కావాలనే ఫోనుకి రాసింది తీసేసి, ముందు ఎర్రక్షరాలే చూపించింది.

"ఇంత మొండిగా ఆపేస్తే మిగతావాళ్లు నిన్ను తిట్టుకోరూ?" అన్నాడు సారు హిందీలో.

"ఆఫీసులో వాళ్లు తిట్టుకుంటే ఫర్వాలేదు సార్. నోటీసు అందక, ఒంటికి సబ్బు పూసుకున్నాక నీళ్లాగిపోయినవాళ్లు తిట్టకూడదు."

నా కత్తి ఆగింది.

"ఠీక్ హై. వచ్చే నెల నుంచి మిగతా ప్రోగ్రాంలకి కూడా నువ్వే ఇలా పెట్టు."

లాప్‌టాప్ మూసి పరుగున వచ్చింది. "వచ్చే నెల అన్నాడమ్మా! విన్నావా? వచ్చే నెల!" అంటూ పచ్చి దొండకాయ ముక్కలే నోట్లో వేసుకుంది.