ఊరు కట్టిన ఆదివారం

నైజాం పోయిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. ఆలేరు రైలు కూత వినవచ్చే ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా వాడలో ప్రార్థన పాకకు గంట లేదు. ఒకప్పుడు ఊరి జాతరల్లో మోగిన మా నాయిన డప్పే మాకు గంట. ఆదివారం పొద్దున ఆయన దాన్ని గడ్డిమంట మీద కాచి నెమ్మదిగా కొడితే అందరం చేరేవాళ్లం.

ఆ యేడు ఊరి గొర్రెలకు పారుడు రోగం తగిలింది. తెల్లవారితే మందల్లో కళేబరాలే. వాటిని ఎత్తుకుపోయి పూడ్చడం నాయిన పని. రోగం ఆగాలని పెద్దలు ఒక ఆదివారం ఊరు కట్టారు. అంటే ఆ రోజు పొలిమేర చుట్టూ పాలు పోసి వచ్చేదాకా ఎవరూ నిప్పు రాజేయకూడదు, చప్పుడు చేయకూడదు. ఆ కబురు ఊరంతా చాటడం మునుపు నాయిన పనే. ప్రభువును నమ్ముకున్నాక మానేశాడు. పక్కూరి నుంచి పిలిపించిన మనిషి ఊళ్లో చాటి, మా వాడకు రాకుండానే వెళ్లిపోయాడు.

నాయిన ఎప్పటిలాగే గడ్డి రాజేశాడు. డప్పు కొట్టాడు.

మేం పాకలో కూర్చోకముందే రాళ్లు పడ్డాయి. వెంటనే కర్రలతో మనుషులు. కప్పు గుంజి పడేశారు. ఒక ముసలమ్మ నుదురు పగిలి రక్తం కళ్లలోకి కారింది. నాయినను జుట్టు పట్టి బయటికి ఈడ్చారు.

"కట్టు తెంపినవు గదరా! నా మంద మట్టిల కలవాల్ననే కొట్టినవా?" కాపరుల పెద్ద అరిచాడు.

"నాకెరుక లేదు పెద్దయ్యా. మా వాడకు చాటింపు రాలే."

"చాటేటోడివే నువ్వు! నీకెవడు చాటాలెరా?"

"నీ యేసయ్యను పిలువురా, వచ్చి మా గొర్లు కాస్తడు!" ఎవడో అంటే నవ్వారు.

నవ్వుతుండగానే నాయిన ముంజేతి మీద కర్ర పడింది. ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. గొడ్డలితో డప్పును చీల్చారు. "కొట్టిన చెయ్యి గూడ ఉండొద్దు" అంటూ పెద్ద ఆ విరిగిన చేతిని బండ మీద పెట్టించాడు.

నేను "ప్రభువా, వీళ్ల చేతులు పడిపోవాలె" అనుకున్నాను. అదే నా ప్రార్థన.

నాకు బైబిలు ముందేసుకుని అక్షరాలు దిద్దించిన మా అమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. బండ పక్కన కంకరలో మోకాళ్లూని, కళ్లు మూసుకుని గట్టిగా అంది:

"ప్రభువా, గీ పెద్దయ్య మందను సూడు. బొల్లిమూతి గొర్రె చచ్చె, దాని పిల్ల పాలు తాగుతలేదు. దానికి జర పానం పొయ్యి. చుక్కల గొర్రె సూడిది, ఈనేదాక దాన్ని కాపాడు. గీయన ఫికర్ తీసెయ్యి తండ్రీ."

పెద్ద చేతిలో లేచిన గొడ్డలి లేచినట్టే ఆగింది.

"పిల్ల పాలు తాగుతలేదని నీకెట్లెరుక?"

"దినాం పొద్దుగూకినంక నీ గొర్లను పూడ్చొచ్చి మా ఆయన చెప్తడు పెద్దయ్యా. నేను ప్రభువుకు చెప్త."

"మాటలేంది పెద్దయ్యా, నర్కు!" అని వెనకనుంచి కేక.

ఆయన మా అమ్మ ముఖంలోకి చూశాడు. గొడ్డలి పక్కకు విసిరి, "నడువుండ్రి" అన్నాడు తనవాళ్లతో. పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "ఆ సూడి దాన్ని... అడుగుతనే ఉండు."

రోగం ఆ వారం ఆగలేదు. నాయిన చెయ్యి వెదురుబద్దలతో కట్టినా వంకరగానే అతికింది. తర్వాత ఎడమచేత్తో కొత్త డప్పు కొట్టాడు. ఆ వంకర చెయ్యి ఒంటికి ఉన్నందుకే నేను ఈనాటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. నా పిల్లలకు జ్వరాలొచ్చి గుండె దడదడలాడినప్పుడల్లా, ముందు పక్కింటివాళ్ల కష్టం చెప్పి, ఆ తర్వాతే నాది చెప్పుకుంటాను. దడ తగ్గుతుంది.

ఆ ఆదివారం సాయంత్రం కప్పులేని పాకలో, రక్తం కడిగిన చోటనే, అమ్మ ప్రార్థనకు కూర్చుంది. నాయిన నొప్పికి పళ్లు బిగబట్టి పడుకుని ఉన్నాడు. ఆమె ఆమెన్ అనబోతుంటే ఆపాడు.

"సూడి దాన్ని మరిచినవు. పెద్దయ్య అడిగిండు గద."

అమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది.