నున్నబండ తడిసే దాకా

మొన్న వంటింటి గట్టుకు రాయి చూద్దామని కడపలోనే ఒక రాళ్లు కోసే మిషను దగ్గరికి పోయాను. తిరిగే రంపం మీద సన్నటి గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయి. కోసి పక్కన పెట్టిన నల్లటి పలకల మీదికి ఆ నీళ్లు పాకి, ఎండ తగిలి, ఆరుతూ ఆరుతూ ఒక వాసన లేచింది. తడిసిన మట్టి వాసన సంగతి అందరూ చెబుతారు గానీ తడిసిన రాతి వాసనను ఎవరూ పట్టించుకోరు. దాన్లో తీపి ఉండదు, ఇనుమును నాలికతో తాకినట్టు ఒక చల్లదనం ఉంటుంది. ఆ వాసనకు నా అరికాళ్లు జివ్వుమన్నాయి. కొలతలు రాసుకుంటున్న ఆయన తలెత్తి, "ఏమ్మా, కాలు కాల్తాందా?" అని అడిగాడు. లేదన్నాను. యాభై దాటిన మనిషిని, నిలబడిన చోట నిలబడలేక ఈ కాలూ ఆ కాలూ మార్చుకుంటున్నానని అతను అడిగితే గానీ నాకు తెలియలేదు.

మా ఊరు కోడుమూరుకు పడమరగా ఆరు మైళ్లు. ఊరి వెనక ఒక బోడిగుట్ట, దాని ఉత్తరం పక్క ఏనుగు వీపులా వాలిన పెద్ద బండ. నున్నబండ అనేవాళ్లు దాన్ని. ఏడాదిలో పది నెలలు దానిమీద కందులు ఆరబోసుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. కానీ గుట్ట మీద రెండు గట్టి వానలు పడ్డాయంటే పైనున్న నెర్రెలోంచి నీళ్లు ఊరి, బండంతా పలచగా పరుచుకొని, పదీ పదిహేను రోజులు పారేవి. మూడో రోజుకు పచ్చటి పాచి పట్టేది. ఆ పాచి మీద పైనుంచి కూర్చొని వదిలామంటే, ఊపిరి పీల్చి వదిలేలోగా కిందనున్న ఇసుక మడుగులో దబ్బున పడేవాళ్లం.

ఆ పదిహేను రోజుల కోసం మేము ఏడాదంతా తయారవుతుండేవాళ్లం. మా చర్చిలో గంట కొట్టే పని మా తాతది. చర్చిలో విరిగిన బల్ల చెక్క ఒకటి మా అన్న దానం ఆయన దగ్గర అడిగి తెచ్చుకొని, దాన్ని గాజుపెంకుతో గీకి గీకి నున్నగా చేశాడు. క్రిస్మసుకు కాల్చిన కొవ్వొత్తుల మొదళ్లు తాత ఒక డబ్బాలో వేసి పెట్టేవాడు. వాటిని మేము ఒకటొకటిగా తెచ్చి, చెక్క అడుగున రుద్ది, దాని మీద ఆముదం పూసి, మళ్లీ రుద్దేవాళ్లం. మా జతగాడు ఈరన్నకు యూరియా సంచి ఉండేది, లోపల వరిగడ్డి కూరి నోరు కుట్టేసింది. నాది రేకు. నీళ్లతొట్టి మీద మూసే పాత రేకు, ముందు అంచును వంచి పట్టుకోవడానికి తాడు కట్టుకున్నాను. రోహిణి ఎండలకు ఊరంతా చెట్ల కింద సొమ్మసిల్లి పడుకుంటే, మేము ‘బండ్లు’ అని పిలుచుకునే ఆ చెక్కా, సంచీ, రేకూ ముందేసుకొని ఎవరిది ఎక్కువ జారుతుందో గోడ నీడన వాదులాడుకుంటుండేవాళ్లం.

మృగశిర వస్తూనే మా కాళ్లు ఒకచోట ఆగేవి కావు. తెల్లారి లేచి మొహం కడగకముందే చర్చి మెట్ల మీదికెక్కి పడమర చూసేవాళ్లం. చీమలు గుడ్లు మోస్తున్నాయా, తూనీగలు తక్కువ ఎత్తులో తిరుగుతున్నాయా, అమ్మ పాతరోట్లో ఉప్పు చెమ్మగిల్లిందా అని రోజుకు పదిసార్లు చూసుకునేవాళ్లం. ఏరువాక పున్నమికి ఊళ్లో ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, మెడలకు గంటలు కట్టి తిప్పేవాళ్లు. ఈరన్న చొక్కా కింద వెచ్చటి ఓళిగలు రెండు దాచుకొని మా ఇంటి వైపు పరుగెత్తుకొచ్చేవాడు. బెల్లం వాసనతో, నెయ్యి మరకతో ఆ చొక్కా పండగంతా మోసుకొచ్చేది. తింటూ కూడా మేము మాట్లాడుకున్నది బండ సంగతే.

నాకు పదేళ్లున్న ఆ ఏడు మాత్రం మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. మధ్యాహ్నానికి మోడం పట్టేది, గుట్ట నల్లబడేది, మేము బండ్లు నెత్తిన పెట్టుకొని పరుగెత్తేవాళ్లం. సగం దారిలో గాలి లేచి, మొహాన దుమ్ము కొట్టి, మోడాన్ని ఎత్తుకొని పోయేది. వేరుశనగ బుడ్డలు విత్తాల్సిన చేన్లు దున్నిన మట్టితో నోరు తెరుచుకొని పడి ఉన్నాయి. ఊళ్లో కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించారు. మా చర్చిలో మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. పెద్దవాళ్లు కన్నీళ్లు పెట్టుకొని విత్తనం కోసం, గొడ్ల కోసం అడుగుతుంటే, నేను కళ్లు గట్టిగా మూసుకొని, ఒక్క వారం బండ పారితే చాలు ప్రభువా అని అడిగాను.

ఊరి బావి అడుగంటడంతో ఊరికంతటికీ మా చర్చి ముందరి బోరింగే దిక్కయింది. అంతకుముందు ఊళ్లోవాళ్లు ఆ బోరింగు వైపు వచ్చేవాళ్లు కాదు. మా నీళ్లు వాళ్లు తాగేవాళ్లు కాదు. ఇప్పుడు మా బిందెలను ఒక పక్క, వాళ్ల బిందెలను ఒక పక్క పెట్టి, వంతులు వేసుకొని నీళ్లు కొట్టుకునేవాళ్లు. మోకాళ్ల నొప్పులతో అంతదూరం రాలేని మనిషి తిమ్మక్కవ్వ. ఆమె ఈరన్న నాయనకు మేనత్త, పిల్లలు లేని ఒంటి మనిషి. చేను దగ్గర మాట తేడా వచ్చి ఈరన్న ఇంటివాళ్లు ఆమెతో సరిగా మాట్లాడేవాళ్లు కాదు. నేను పుట్టినప్పుడు కాన్పు చేసింది ఆమేనని, రోజుకు రెండు బిందెలు ఆమె ఇంట్లో పోసి రమ్మని అమ్మ నాకు చెప్పింది.

మొదట్లో ఆ నీళ్లను ఆమె తన పాడి ఎనుముకూ, గిన్నెలకూ వాడుకునేది. తాగడానికి ఈరన్న వాళ్లమ్మ ఎప్పుడో ఒక చెంబు తెచ్చి గడప మీద పెట్టి పోయేది. ఒకనాడు నేను తొట్టిలో పోయబోతుంటే అవ్వ లోటా పట్టుకొచ్చి నా బిందెలో ముంచి, గటగటా తాగి, మూతి తుడుచుకుంది. "నోరెండిపాయ పాపా," అంది, అంతే. ఇంటికొచ్చి చెబితే అమ్మ చేస్తున్న జొన్నరొట్టె పెనం మీదే మాడిపోయింది. అది అంత పెద్ద సంగతి ఎందుకైందో నాకు అప్పుడు తెలియలేదు.

పునర్వసు కూడా సగం పోయాక ఒక పొద్దున ఈరన్న చర్చి మెట్ల మీద కూర్చొని, "వాన రాదు లే. మనమే తడుపుదాం," అన్నాడు.

"యాడివి నీళ్లు?" అన్నాడు అన్న.

"తలా ఇన్ని బిందెలు తెస్తే సరిపోతాది."

మా ఇంటి నీళ్లు అమ్మ కళ్లముందే తొట్టిలో పడాలి. ఎవరూ లెక్క చూడని నీళ్లు అవ్వవే. నేను ఆ రెండు బిందెలూ అన్నా నేనూ చెరొకటి మోసేట్టుగా గుట్ట దారి పట్టించాను. ఈరన్న ఇంకో మూడు తెచ్చాడు, ఎట్లా తెచ్చాడో మేము అడగలేదు. బండ అప్పటికే కాలుతోంది. ముందు ఆముదం మడ్డి పూసి, దాని మీద మొదటి బిందె వంచాం. చుయ్యిమని ఆవిరి లేచి, నీళ్లు రెండు బారలు పోకముందే కనబడకుండా పోయాయి. ఈరన్న సంచి సగంలో ఆగింది. అన్న చెక్క ఎగిరి వాడి మోచేతి తోలు లేచిపోయింది. ఇక రెండే బిందెలు మిగిలాయి.

"సుగుణ బక్కది. ఆ పిల్లను కూర్చోబెట్టి రెండూ ఒకేసారి పోద్దాం," అన్నాడు ఈరన్న.

నేను రేకు మీద కూర్చొని తాడు పట్టుకున్నాను. వాళ్లిద్దరూ నాకు రెండు పక్కలా నిలబడి బిందెలు కుమ్మరించారు. నీళ్లు నాకంటే ఒక అడుగు ముందు పరుగెత్తాయి, వాటి వెనకే నేను. రేకు కింద బండ బుస్సుమంటోంది, చెవుల్లో గాలి, ఆముదం కాలిన వాసన, తడిసిన రాతి వాసన, తిరిగే ఆకాశం. అడుగుదాకా జారి ఎండిన ఇసుకలో బోర్లా పడ్డాను. నోటినిండా ఇసుక. లేచి, నవ్వు ఆగక, మళ్లీ కూలబడ్డాను. ఆ ఏడు నున్నబండ మీద చివరిదాకా జారింది నేనొక్కదాన్నే.

ఖాళీ బిందెలతో ఊళ్లోకి వచ్చేసరికి తిమ్మక్కవ్వ ఇంటి ముందర జనం. నీళ్ల కోసం పొద్దెక్కేదాకా చూసి, ఎనుము అరుస్తుంటే ఉండబట్టలేక, చిన్న కడవ తీసుకొని, అడుగున కాసిని మురికినీళ్లు మిగిలిన పాత దిగుడుబావికి పోయిందట. మూడో మెట్టు మీద కాలు తప్పింది. కుడి మణికట్టు విరిగింది. అప్పటికే ఎవరో కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కడుతున్నారు.

అమ్మ నన్ను కొట్టలేదు. ఇంటి వెనక్కి తీసుకుపోయి అంతా అడిగి తెలుసుకుంది. తర్వాత, "నీళ్లు పోతే రేపు తెస్తాం. ఆయమ్మ మన బిందెలో ముంచుకొని తాగింది. దాన్ని యాడ తెస్తావు?" అంది. నా చేయి పట్టుకొని అవ్వ ఇంటికి నడిపించింది.

అవ్వ మంచం మీద గోడకు ఆనుకొని ఉంది. ఈరన్న వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూర్చొని ఉంది. తలుపు చాటున ఈరన్న. నేను వాడి పేరు చెప్పలేదు, వాడూ నోరు విప్పలేదు. "నీ నీళ్లు నేనే బండ మీద పోసినా అవ్వా," అన్నాను.

"ఇంటివా అత్తా, ఈ పిల్ల మాట," అంది ఈరన్న వాళ్లమ్మ. "వాళ్ల నీళ్లు నమ్ముకుంటే ఇంతే. ఆ మైల నోటికి తగులుకున్యాక చేతికి తగలకుండా ఉంటాదా?"

అమ్మ తల వంచుకుంది. అవ్వ ఆ మాటకు అవుననలేదు, కాదనలేదు. నా వైపు చూసి, "ఎండగుండాది, ఇంటికి పో పాపా," అంది.

మరునాటి నుంచి నేను రెండు బిందెలూ ఆమె గడప దగ్గర పెట్టి వచ్చేదాన్ని. ఎనుముకు ఎవరో పోసేవాళ్లు. కానీ లోటా మాత్రం నా బిందెలో మునగలేదు. తాగే నీళ్లు ఈరన్న వాళ్లమ్మే తెచ్చి పెట్టేది, చెంబుతో పాటు నాలుగు మాటలు కూడా. నేను చర్చి మెట్లెక్కడం మానేశాను. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. రేకును తొట్టి మీద మూసేశాను.

పుష్యమిలో ఒక సాయంత్రం గాలి నిలిచిపోయింది. కోళ్లు గంపల్లోకి దూరాయి. పడమట నల్లగా లేచిన మోడం ఈసారి వెనక్కి పోలేదు. పెంకులు పగిలినట్టు వాన. గొడ్లు, మనుషులు, చెట్లు అన్నీ ఒకే చప్పుడులో మునిగిపోయాయి. మరునాడూ కొట్టింది. నాలుగో పొద్దుకు బండ మీద పాచి పట్టిందని అన్న చెక్క నెత్తిన పెట్టుకొని పరుగెత్తాడు. అమ్మ మాత్రం ఎవరూ పిలవకపోయినా నాకొక బిందె ఇచ్చి, తిమ్మక్కవ్వ రెండెకరాల చేనికి నడిచింది. విత్తడానికి నేల పదును ఉండేది మూడు నాలుగు రోజులు, అవ్వ చేయి కట్టులో ఉంది, గొర్రు వెనక విత్తనం వేసే మనిషి లేదు.

అమ్మను చూసి అవ్వ గట్టు మీంచి లేచింది. నడుముకు కట్టుకున్న బుడ్డల సంచి ఎడమచేత్తో విప్పి ఇచ్చింది. పొద్దంతా అమ్మ విత్తనం వేసింది, నేను వెనక మట్టిగడ్డలు చిదుపుతూ నడిచాను. గుట్ట మీది నుంచి పిల్లల కేకలు వినబడుతూనే ఉన్నాయి. ఒక్కో కేకకు నా కాలివేళ్లు మట్టిలో ముడుచుకునేవి.

మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. ఈరన్న వాళ్లమ్మ పంపుతానన్న చెంబు రాలేదు. అవ్వ కాసేపు దారి వైపు చూసింది. తర్వాత నా బిందె మీదున్న లోటా ఎడమచేత్తో తీసి, ముంచి, ఎత్తి పోసుకోవడం చేతకాక, అంచును పెదాలతో కరుచుకొని తాగింది. సగం రవిక మీద ఒలికింది. మళ్లీ ముంచింది.

అమ్మ చెట్టు వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ పిల్లోళ్లు శానాసేపటి నుంచి అరుస్తాండారు," అంది అవ్వ. "నీకు ఇనపడలేదా?"

"ఇనపడతాంది."

"మరింక పో. నీళ్లు ఈడ పెట్టిపో."

నేను అమ్మ మొహం కూడా చూడలేదు. గట్లమీద పడి పరుగెత్తాను. ఆ సాయంత్రం ఎన్నిసార్లు జారానో, ఎట్లా జారానో ఇప్పుడు గుర్తులేదు. గుర్తున్నది ఎండలో జారిన ఆ ఒక్కసారే. ఇన్నేళ్లయినా దాన్ని తలుచుకుంటే ముందు నవ్వు వస్తుంది, ఆ వెనకే తల వంచుకున్న అమ్మ కనబడుతుంది.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఈరన్న బళ్లారి వైపు ఎక్కడో ఉన్నాడంటారు. మా అన్న దానం ఊళ్లోనే ఉన్నాడు. కొన్నేళ్ల కిందట కూలి పనులు పెట్టి, గుట్ట చుట్టూ అడ్డంగా కందకాలు తవ్వించారు. వాన పడితే ఆ నీళ్లన్నీ గుట్టలోనే ఇంకుతాయి. ఊళ్లో బోర్లు ఇప్పుడు ఎండాకాలం కూడా ఆగవు. ఇంటింటికీ కొళాయి వచ్చింది, ఎవరి నీళ్లు ఎవరు తాగారన్న మాట పైకి వినబడడం లేదు.

పోయిన ఏడు ఊరికి పోయిన రోజే మంచి వాన పడింది. నిలిచీ నిలవగానే నేను వసారాలో అటూ ఇటూ తిరగసాగాను. దానన్న మనవరాలిని, తొమ్మిదేళ్ల పిల్లను, "నున్నబండ దగ్గరికి వస్తావా?" అని అడిగాను.

"ఆడ ఏముండాది జేజీ?" అంది ఆ పిల్ల.

మంచం మీద పడుకొని ఉన్న దానన్న మెల్లగా లేచి, చెప్పులు తొడుక్కొని, "పోదాం పా," అన్నాడు.

మేమిద్దరం మోకాళ్లు పట్టుకుంటూ పోయేసరికి బండ మీద వాన తడి ఉంది గానీ పారేదేమీ లేదు. పైన నెర్రె పొడిగా ఉంది. "నీళ్లన్నీ కందకాలు తాగుతాండాయి. మంచిదే," అన్నాడు అన్న. మంచిదేనన్నాను. ఎండ వచ్చింది. అంచుల నుంచి లోపలికి బండ తెల్లబడుతూ వచ్చింది. చివరికి నడుమన చేటంత తడి మిగిలింది. అది కూడా ఆరిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడి ఉన్నాం.