చేసిందే చెప్పాలన్నాడు బావ

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

మా చాట్రాయి వైపు మామిడి కోతలు అయిపోయాక షెడ్లు ఖాళీగా ఉంటాయి. మా బావ, అంటే మా అక్క భర్త, తన షెడ్డులో ఆదివారం సాయంత్రాలు పావుగంట కబుర్లు మొదలుపెట్టాడు. క్రేట్లు బోర్లించుకుని కూర్చునేవాళ్లం. వారానికొకరు లేచి తమకు తెలిసిన సంగతి చెప్పాలి. తేనెపట్టు తీయడం గురించి ఒకాయన చెప్పాడు. పసిబిడ్డకు నీళ్లు పోయడం గురించి ఒక పెద్దావిడ చెప్పింది. బావ పెట్టిన షరతు ఒక్కటే. చేసిందే చెప్పాలి, విన్నది చెప్పకూడదు.

నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. చెప్పడమే తప్ప చేసిందేమీ లేదు. బాపులపాడు దగ్గర నా వాటాకొచ్చిన తోటను కౌలుకిచ్చేసి, పళ్లు ఇంటికొస్తే తినేవాణ్ణి. నా వంతు వచ్చింది. ఇంత చదివినవాడు ఏం చెబుతాడో చూద్దామని అందరూ నవ్వుతూ కూర్చున్నారు. ఆ నవ్వులో వెటకారం లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది.

ఫోనులో సగం చూసిన వీడియో ఒకటి గుర్తుకొచ్చింది. కాపు తగ్గిన ముసలి చెట్లకు పెద్ద కొమ్మలన్నీ సగానికి కోసేస్తే, కొత్త చిగుళ్లు వేసి మళ్లీ కాస్తాయట. అది చెప్పాను. చెప్పి ఊరుకున్నానా? మా తోటలో దగ్గరుండి కోయించాననీ, చిగుళ్లు కూడా వచ్చాయనీ అన్నాను. కోసిన చోట మందేమైనా పూయాలా అని బావ అడిగాడు. అక్కర్లేదు, నేనేమీ పూయలేదన్నాను. ఎందుకన్నాను? షరతు అడ్డొచ్చిందనా, చప్పట్ల కోసమా? రెండూ నిజమే.

నా చెట్లు చూడటానికి బావ రాలేదు. షెడ్డులో ఒకరు చెప్పినదాన్ని మళ్లీ వెళ్లి సరిచూడటం వాళ్లను అవమానించడమేనని తన లెక్క. తన తోటలో వాళ్ల నాన్న నాటిన చిన్నరసాల మామిడి చెట్లను ఆ ఏడే అలా కోయించాడు. మందు పూయని కోతల్లోంచి పురుగు దిగి మానులను తొలిచేసింది. వేసవికి అన్నీ మోడులయ్యాయి. బావ నన్ను తీసుకెళ్లి చూపించాడు. చెయ్యి వేస్తే బెరడు ఊడొచ్చి, లోపలినుంచి పొట్టు రాలింది.

"నీవి బతికాయి కదరా. మరి నావెందుకు పోయాయంటావు?" అన్నాడు. నిలదీయడం కాదు, తెలియక అడిగాడు.

నేనసలు కోయించనే లేదన్న ఒక్క మాట చాలు అప్పుడు. నోటిదాకా వచ్చింది కూడా.

"అదును తప్పి కోయించి ఉంటారు బావా."

"అంతే అయ్యుంటదిలే. నా తొందరే కొంప ముంచింది."

ఆ తర్వాతి ఆదివారం బావే లేచి నిలబడ్డాడు. నాన్న పెంచిన చెట్లను తన చేతులతో ఎలా చంపుకున్నాడో చెప్పాడు. తనలా ఎవరూ తొందరపడొద్దన్నాడు. బావమరిది సరిగ్గానే చెప్పాడనీ, చేతకానిది తనకేననీ అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను తలూపాను. అబద్ధమంటే ఏదో నోరుజారి వచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు. చేయని తప్పును ఆ మనిషి నలుగురిలో ఒప్పుకుంటుంటే, ఎదురుగా కూర్చుని అవునవునన్నట్టు తలూపానే, దానికేం చెప్పుకోను?

మొన్న చలికాలంలో బావ పోయాడు. చివరిదాకా తోటలో ఆ మూలకు వెళ్లలేదని అక్క చెప్పింది. జ్వరంలో కూడా, నాన్నకు ఏం సమాధానం చెప్పుకోను అని కలవరించేవాడట. చెబుతూ చెబుతూ నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు చూసి అక్కే నన్ను ఓదార్చింది.

షెడ్డులో కబుర్లు ఇంకా సాగుతున్నాయి. వచ్చే ఆదివారం బావ గురించి నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసలో అక్క కూర్చుంటుంది. చెప్పగలనా? తెలియదు. చెప్పినా క్షమించాల్సిన మనిషి లేడు. మీతో చెప్పుకున్నాక మాత్రం ఇవాళ నాలుగు ముద్దలు లోపలికి దిగాయి. అంతే.

చేసిందే చెప్పమన్నారుగా బావా. మీ చెట్లను చంపింది నేను.