కుర్చీ మీద చెయ్యి

అమెరికాలో, మా ఇర్వింగ్ ఆఫీసులో ఆవిడను అందరం అక్కా అనేవాళ్ళం. మహా మొండిది. జీతంలోంచి నెలనెలా విరాళం కట్ చేయించుకోమని అడగడానికొస్తే మన కుర్చీ మీద చెయ్యి వేసేది. ఒప్పుకునేదాకా తీసేది కాదు. డయాలసిస్ పేషెంట్లను ఆస్పత్రికి చేర్చే వ్యాన్ ఆ డబ్బుతోనే నడిచేది.

లేఆఫ్‌ల రోజున అందరం ఎవరి ఉద్యోగం పోయిందో చెప్పే మెయిల్ కోసం చూస్తున్నాం. మొదట ఆవిడకే వచ్చింది. బయటికి పంపడానికి సెక్యూరిటీ అతను వచ్చి నిలబడ్డాడు. ఆవిడ బ్యాగు సర్దుకోకుండా నా దగ్గరికి వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసింది.

“నా డొనేషన్ ఇవాళ్టితో ఆగిపోతుంది. వ్యాన్ ఆగకూడదు. నువ్వు సైనప్ చెయ్యి.”

“నా జాబే ఉంటుందో లేదో తెలీదక్కా!”

“ఉన్నన్నాళ్ళే ఇవ్వు.”

“మ్యామ్, ప్లీజ్,” అన్నాడు సెక్యూరిటీ అతను. ఆవిడ కదల్లేదు. నేను కంప్యూటర్లో డొనేషన్ పేజీ తెరిచాను.

నేను కన్ఫర్మ్ నొక్కాక గానీ ఆ చెయ్యి లేవలేదు.