స్వరూప సెలవు రోజున ఆగని సర్వర్

2022. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్. రక్తపరీక్షల రిపోర్టులిచ్చే సాఫ్ట్‌వేర్‌ను జావాలో రాసింది నేనే. మధ్యాహ్నం అయ్యేసరికి అది మొరాయించేది, కౌంటర్ ముందు జనం కేకలేసేవారు. సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే నడిచేది. రాత్రి మూసేటప్పుడు ఎలాగూ ఆపేవాళ్లు. పగలు ఇంకోసారి ఆపడం కూడా అక్కడ ఆచారమైపోయింది. నేనూ సిగ్గులేకుండా సరేనన్నాను.

కౌంటర్లో స్వరూప ఉండేది. పోచంపల్లి వైపు నేతవాళ్ల అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే నడిచేది. రిపోర్టులు ఇవ్వడంలో ఆమె వేగం ఇంకెవరికీ లేదు. ఒకరోజు మేనేజర్ ప్రసాద్‌గారు ఆమె ముందే నాతో అన్నారు:

"చూశారా అండీ, ఈవిడ సెలవు పెట్టిన రోజు సర్వర్ ఆగనే ఆగదు. ఈవిడే ఏదో కెలుకుతోంది."

"నేనేం కెలుకుతలేను సార్. రిపోర్ట్ తెరుస్త, ప్రింట్ ఇస్త, గంతే. జర మీరన్న చెప్పుండ్రి," అని స్వరూప నా వైపు చూసింది.

నేను చెప్పలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కోడ్ తెరిచి చూడకుండానే "వాడేవాళ్ల వైపు పొరపాటు కావచ్చు" అని మెయిల్ రాశాను. అది చూపించి ఆమెను పనిలోంచి తీసేశారు.

కొన్నాళ్లు సర్వర్ బాగానే నడిచింది. కొత్తగా వచ్చినామెకు చెయ్యి తిరిగాక మళ్లీ ఆగింది. అప్పుడు తీశాను హీప్ డంప్, అంటే ఆ క్షణాన మెమరీలో ఏమేం ఉన్నాయో చూపించే చిట్టా. జావాలో పనైపోయిన సరుకును గార్బేజ్ కలెక్టర్ అనే భాగం తనే ఊడ్చేస్తుంది. ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని ఉన్నదాన్ని మాత్రం ముట్టదు. రెండోసారి తెరిస్తే త్వరగా రావాలని, తెరిచిన ప్రతి రిపోర్టునూ నేనొక లిస్టులో దాచాను. పనయ్యాక వాటిని అందులోంచి తీసేసే కోడ్ రాయలేదు. ఎన్ని ఎక్కువ రిపోర్టులు తెరిస్తే అంత త్వరగా మెమరీ నిండేది. అందరికంటే ఎక్కువ పని చేయడమే స్వరూప చేసిన నేరం.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. "వేగం పెంచాం" అని మాత్రం రాసి పంపాను. ప్రసాద్‌గారు మెచ్చుకున్నారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

స్వరూప కొత్తపేటలో చీరల దుకాణంలో ఉందని తెలిసి వెళ్లి, అంతా చెప్పాను. ఆమె చీర మడతపెడుతూనే వింది.

"గీ మాట ప్రసాద్ సార్‌కు చెప్పిన్రా?"

"ఇంకా లేదమ్మా."

"మరి నాకెందుకు చెప్తున్రు? నా తప్పు లేదని నాకు మొదటిసంది ఎర్కే."

ఇప్పుడు ఎక్కడ సర్వర్ ఆగినా ముందు నా కోడ్ విప్పి చూస్తాను, మనుషుల వైపు వేలు చూపించను. అందరికీ ఇదే పాఠం చెబుతుంటాను. ప్రసాద్‌గారికి మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు.