నరసమ్మ బట్టల కొట్టు

ఎదురుగా ఉన్న మందుల షాపు షట్టరుకు ఈ ఉదయం రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన రోడ్డు దాటి నా కొట్లోకి వచ్చేసరికి చేతిలో ఉన్న చీర మడత పెట్టడం మరిచిపోయాను. పనిచేసే అమ్మాయి ముక్కు మూసుకుని, తలుపు వెయ్యమంటారా అని అడిగింది. వద్దన్నాను. ఆ వాసన వస్తే నాకు సన్యాసిరావు మేష్టారు వచ్చినట్టే. ఆయన చోడవరంలో డ్రాయింగు మేష్టారు. బడి వదిలాక ఊళ్ళో కొట్లకు బోర్డులు రాసేవారు. మనిషి కంటే ముందు వాసన వచ్చేది. చొక్కా మీద మరకలు చూసి ఆ వారం ఎవరి బోర్డు రాస్తున్నారో చెప్పేయవచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళోనే తక్కువ. నేనివాళ కొట్లో ఇంత దర్జాగా కూర్చున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

డెబ్బైల మొదట్లో మా ఆయన జ్వరం వచ్చి పోయాడు. నాకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఈ బట్టల కొట్టు తప్ప మరో ఆధారం లేదు, కొట్టుకు పెళ్ళి బేరాలే ప్రాణం. గోవాడ ఫ్యాక్టరీలో చెరుకు ఆడాక రైతులకు కాస్త చెయ్యి ఆడేది. బుచ్చయ్యపేట, కె.కోటపాడు వైపు పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని పెళ్ళి బట్టలకు వచ్చేవారు. ఆ బట్టలు బొట్టు లేని ఆడదాని చేతి మీదుగా ఎవరు తీసుకుంటారు? ఈ మాట ఊరివాళ్ళు నా ముందు అనలేదు, నా వెనక మానలేదు. మా బావగారు మాత్రం మొహమాటం పెట్టుకోలేదు. "బోర్డు మీద నా పేరు రాయించీమ్మా. ముందర నాను కూకుంటాను. నువ్వు లోపలుండి మడతలు పెట్టుకో" అన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. నాకూ అదే దారి అనిపించి, ఆయన పేరు రాయడానికి మేష్టారికి నేనే కబురు పెట్టాను.

మేష్టారు వచ్చి బోర్డు కొలుచుకోలేదు. కొట్టంతా తిరిగి, అటక మీదికి తొంగి చూసి, చివరికి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఇక్కడ కూకునేదెవరమ్మా?"

"మా బావగారండి."

"బట్టల గురించి ఆయనకేటి తెలుసు?"

మా బావగారిది బెల్లం వ్యాపారం. ధోవతికీ దుప్పటికీ తేడా తెలుసు, అంతకు మించి అడిగితే తడుముకునేవారు.

"అయితే నీ పేరే రాస్తాను."

"వద్దు మేష్టారూ. నా పేరు సూసి ఎవలూ రారు."

"రాకపోతే సెరిపీసి ఆయన పేరు రాద్దాం. రంగు నాది, బ్రష్షు నాది. నీకేటి నొప్పి?"

ఆ రోజుల్లో బట్టల కొట్లన్నిటికీ ఒకటే బోర్డు. నీడ వేసిన అక్షరాలు, పక్కన సినిమాల్లోలాంటి ఓ అమ్మాయి. వైజాగులో ఎవరో వేసినదాన్ని మనవాళ్ళు చూసి వేసేవారు. మేష్టారికి వాటిని చూస్తే ఒళ్ళు మండేది. సెలవు రోజుల్లో సైకిలు మీద పల్లెలకు వెళ్ళి కుమ్మరుల వాకిళ్ళలో కూర్చుని ఐరేని కుండలు చూసి బొమ్మలు వేసుకునేవారు. పెళ్ళికి మేళంతో వెళ్ళి తెచ్చుకునే కుండలివి. సున్నం పూసి, దాని మీద ఎర్రటి తీగలు, పచ్చటి చిలకలు వేస్తారు. "ఈ కుండ సూస్తే ఎవరికైనా పెళ్ళే గేపకం వస్తాది. సదువు రానోళ్ళకి కూడా ఇది పెళ్ళి బట్టల కొట్టని తెలిసిపోవాల" అనేవారు. నా బోర్డు అలాగే రాశారు. తెల్లటి నేల, చుట్టూ ఎర్రటి తీగ, మధ్యలో చిలకల కుండ, కింద ‘నరసమ్మ బట్టల కొట్టు’. అదే కుండను చెక్క మీద చెక్కించి చేతిసంచుల మీద, పొట్లాల కాగితాల మీద అచ్చు వేయించారు. లోపల గోడలకు నడుము ఎత్తు వరకు ఎర్రమట్టి, పైన సున్నం, రెండూ కలిసే చోట మన పల్లె ఇళ్ళకు వేసినట్టే తెల్లటి గీతలు.

అన్నీ బాగానే ఉన్నాయి, నా దగ్గరికి వచ్చేసరికే పేచీ. బల్ల తీయించేసి, గుమ్మానికి సరిగ్గా ఎదురుగా చిన్న అరుగు కట్టించి, నన్ను అక్కడ కూర్చోమన్నారు. నేను తెర వెనక కూర్చుంటానన్నాను. వచ్చేవాళ్ళకు మొట్టమొదట నా మొహమే కనిపించడం నా వల్ల కాదని ఏడ్చాను.

"ఎవరింటికైనా ఎళ్తే ముందు ఎవరగుపిస్తారు? ఇంటావిడే కదా. ఆవిడే తెర ఎనకాల దాక్కుంటే వచ్చినోళ్ళు గుమ్మంలోంచే ఎళ్ళిపోతారు."

ఓదార్చడం ఆయనకు చేతకాదు. ఆ మాట అని మళ్ళీ రంగు కలుపుకోవడంలో పడ్డారు.

కొట్టు మళ్ళీ తెరిచిన ఉదయం, గుమ్మానికీ నా అరుగుకూ మధ్య నేల మీద పెద్ద పద్మం ఉంది. ఆయిల్ పెయింటుతో, పసుపు రేకులు, ఎర్రటి అంచులు. మేష్టారు దాన్ని చూసుకుని మురిసిపోతూ ఓ మూల నిలబడ్డారు. బుచ్చయ్యపేట నుంచి ఓ పెళ్ళివారి బండి వచ్చింది. ఆడవాళ్ళు బోర్డు చూసి, కుండ చూసి, నవ్వుకుంటూ మెట్లెక్కారు. గుమ్మం దాటబోయి ఆగిపోయారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇద్దరు మెట్లు దిగిపోయారు కూడా. ఊరు అన్నదంతా నిజమైందనుకున్నాను. అరుగు మీద నుంచి లేచి, "చాల్లెండి మేష్టారూ, మా బావగారిని పిలిపించండి" అన్నాను. ఆయన మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. ఆయనా అదే అనుకున్నారు.

వాళ్ళలో పెద్దావిడ గుమ్మంలోంచి కేకేసింది.

"ఓలమ్మా, ఎక్కడికెళ్తన్నావు? పద్మం ఏసీసి, దానికి పసుపూ కుంకం ఎట్టీసి దారి మద్దెన ఎట్టినారు. లచ్చిందేవిని తొక్కీసి ఎలగ రమ్మంటావు? మా గుంటకి పెళ్ళి. మదుపర్కాలు నువ్వే ఇలగ అట్టుకురా, బేగి."

పెళ్ళిపీటల మీద కట్టుకునే ఆ తెల్లటి బట్టలు రెండు చేతులతో పట్టుకుని గోడ వెంబడి నడిచి వెళ్ళాను. ఆవిడ నా నుదురు చూసింది. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి, బట్టలు అందుకుని కళ్ళకద్దుకుంది. నేను తలెత్తేసరికి మేష్టారు తన పద్మం వంక, నా వంక మార్చి మార్చి చూస్తున్నారు. మా ఆయన పోయాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. మర్నాడు ఆయన కిరసనాయిలు, గోనెగుడ్డ తెచ్చి పద్మాన్ని తుడిచేసి, నా అరుగు వెనక గోడ మీద మళ్ళీ వేశారు.

"నాకేటి లక్ష్మీదేవి వేషం కట్టేరా?" అన్నాను.

"ఊరుకోమ్మా. రంగు మిగిలిపోనాది, అంతే."

అందరూ వచ్చారని చెప్పను. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని నా గుమ్మం ముందు తల తిప్పుకుని పోయినవాళ్ళూ ఉన్నారు. వచ్చినవాళ్ళతోనే కొట్టు నిలబడింది. అయినా ఒక్క పని నేను చేసేదాన్ని కాదు. పెళ్ళి బట్టలు కొట్టు దాటే ముందు అంచుకు పసుపు పెట్టాలి. ఆ వేళకు పక్క కొట్టు ఆవిడను పిలిచి, నేను పక్కకు తప్పుకునేదాన్ని. నన్నెవరూ తప్పుకోమనలేదు, నేనే తప్పుకునేదాన్ని.

కొన్నేళ్ళకు మేష్టారి కూతురికి పెళ్ళి కుదిరింది. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. పట్టుచీర, మధుపర్కాలు తీశాక అలవాటు ప్రకారం పక్క కొట్టు ఆవిడను పిలవబోయాను. మేష్టారు పసుపు గిన్నె నా ముందుకు జరిపారు.

"నువ్వు పెట్టమ్మా."

నేను ఆయన్ని చూడలేదు, ఆయన భార్య మొహం వైపు చూశాను. పెళ్ళి ఆవిడ కూతురిది. ఆవిడ ఒక క్షణం పసుపు గిన్నె వంకే చూసింది. ఆ క్షణంలో నేను పడ్డ బాధ ఎవరికీ వద్దు. తర్వాత చీర అంచు తీసి, తనే నా వేలి దగ్గరకు పట్టుకుంది. గిన్నెలో వేలు లోతుగా ముంచానేమో, అది పెద్ద మరకే అయింది. "పోన్లెండి, నిండుగా ఉంది" అందావిడ.

ఆ కూతురికి ఇప్పుడు మనవలు. మేష్టారు పోయి చాలా కాలమైంది. నా కొట్లో కొన్న పెళ్ళి బట్టలకు పసుపు నేనే పెడతాను. పెట్టేముందు ఎవరి మొహమూ చూడను.